‘ఊరికే’ అన్న గడి

పోయిన వారం గడియారాన్ని వాళ్ళ అన్నయ్య మంచం పక్కన, చేతిలో రిపోర్టు నలభై ఒకటో పేజీ తెరిచి పట్టుకుని, బిక్కమొహం వేసుకుని నిలబడ్డ చోట వదిలేశాం. ఆ వారం చదవని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకెళ్దాం.

గడియారం అంటే గోడకి వేలాడేది కాదు, మనిషే. పెద్దాసుపత్రిలో టెంపరరీ గుమాస్తా. ఆసుపత్రులన్నిటినీ బాగుచేస్తామని పైనుంచి ఒక కమిటీ దిగింది. పేద కుటుంబాలకి వైద్యం కార్డులివ్వాలి, ఇవ్వాలంటే ఎక్కడో ఒకచోట మిగల్చాలి, మిగల్చాలంటే ఆసుపత్రిలో ఎవరెంత పని చేస్తున్నారో ముందు కొలవాలి అన్నారు. కొలవడానికి పద్నాలుగు మంది గుమాస్తాల మెడలో తాడు కట్టిన గడియారాలు వేసి వార్డుల్లోకి తోలారు. మూడో వార్డు ఆయాల నోట్లో పడి ఇతని అసలు పేరు ఎటో పోయింది, గడియారం మిగిలింది. ఆ మూడో వార్డులోనే ఇతని సొంత వదిన పాతికేళ్ళుగా ఆయా.

పద్ధతి ఇదీ. ప్రతి పావుగంటకీ ఆయా పక్కన నిలబడి, కళ్ళతో చూస్తూ "ఏం చేస్తున్నారు?" అని అడగాలి. ఫారంలో ఆరు గళ్ళుంటాయి. తిప్పడం, తుడవడం, తినిపించడం, మార్చడం, మోయడం. అయిదింటిలో దేనికీ రాకపోతే ఆరో గడి ఉంది, ‘ఇతరం’ అని. అందులో ఆయా ఏ మాటంటే ఆ మాటే, అక్షరం మార్చకుండా దించాలి. ట్రైనింగులో ఈ సంగతి పదిసార్లు నూరిపోశారు.

మరి ఆయాలేమంటారు? మనవాళ్ళెవరైనా ఏమంటారు? నెత్తిన మూట పెట్టుకుని చెమటలు కక్కుతూ పోతున్నవాణ్ణి ఆపి ఎటు బయల్దేరావురా అంటే "ఏం లేదు, ఊరికే ఇలా" అంటాడు. పిల్లాడి జ్వరం దిగుతుందా లేదా అని నుదుటి మీద చెయ్యేసుకుని కూర్చున్న తల్లిని కదిపితే "ఊరికే కూర్చున్నా" అంటుంది. ఆయాలూ అదే అన్నారు. గడియారమూ అదే రాశాడు. పద్నాలుగు మందీ అదే రాశారు. మూడు నెలలు తిరిగేసరికి ఆ మాట రిపోర్టులో లావుపాటి అక్షరాల్లో తేలింది. ‘ఊరికే: రోజుకి సగటున రెండు గంటల నలభై నిమిషాలు. నిరుపయోగ సమయం.’ దాని కిందే, నూట పన్నెండు ఆయా ఉద్యోగాలు అనవసరం అని తేల్చేశారు.

అన్నయ్య ఒకప్పుడు మిల్లులో పని చేసి, ఉద్యోగం పోయి మంచాన పడ్డవాడు. ఆ పేజీ విన్నాక ఒక్కటే మాటన్నాడు.

"మా మిల్లుకీ వచ్చాడ్రా ఒకడు, మెడలో గడియారం వేసుకుని. కాకపోతే వాడు పరాయివాడు."

అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. వదిన మాత్రం యూనిఫాం చీర మడతపెడుతూ, "ఆయన మాటలకేం గానీ, నేను చెప్పిందేగా నువ్వు రాసింది" అంది. ఆ రెండు మాటల్లో ఏది ఎక్కువ గుచ్చుకుందో గడియారానికి ఈ వారం రోజుల్లో తేలనే లేదు.

ఇక ఇవాళ్టి సంగతి. టౌన్‌హాల్లో బహిరంగ విచారణ. రిపోర్టు మీద ఎవరికేం చెప్పాలని ఉన్నా వచ్చి చెప్పొచ్చు. సాయంత్రానికి కమిటీ అధ్యక్షురాలు సంతకం పెడితే నూట పన్నెండు మందికీ నోటీసులు వెళ్తాయి. అందులో వదినది పదిహేడో నంబరు.

గడియారానికి స్టేజీ మీద, సలహాదారు కుర్చీ వెనకాల, మూడో వార్డు ఫారాల కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చునే పని పడింది. ఆయన ఏ తారీఖు అడిగితే ఆ కాగితం తీసివ్వాలి. అంతే.

సలహాదారంటే ఈ రిపోర్టు మొత్తానికీ బుర్ర. మెత్తటి మనిషి. గొంతు కూడా మెత్తనే. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి వచ్చిన ఆయాల్ని ఒక్కొక్కర్నీ పలకరించాడు. "అమ్మా బాగున్నారా? మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మనమంతా ఒక కుటుంబం కదమ్మా" అని రెండు చేతులతో వాళ్ళ చెయ్యి పట్టుకున్నాడు. వాళ్ళు పొంగిపోయారు పాపం. చివరి ఆయా లోపలికెళ్ళగానే జేబులోంచి చిన్న సీసా తీశాడు. అరచేతిలో జెల్ పిండుకుని, వేళ్ళ సందులు, గోళ్ళ కిందా, మణికట్టు దాకా ఓపిగ్గా రుద్దుకున్నాడు. నిమ్మకాయ వాసన గుప్పుమంది.

మూడో వార్డులో మూడు వారాలు తిరిగినవాడు గడియారం. చీము చూశాడు, రక్తం చూశాడు, మనుషులు అదుపు తప్పి చేసుకునేవన్నీ చూశాడు. ఒక్కనాడు ముక్కు మూసుకోలేదు. ఈ నిమ్మకాయ వాసనకి మాత్రం చెయ్యి ముక్కు మీదకి పోయింది.

"మీ ఫారాలు చూశానయ్యా," అన్నాడు సలహాదారు, చేతులు ఆరబెట్టుకుంటూ. "పద్నాలుగు మందిలో మీవే శుభ్రంగా ఉన్నాయి. కొట్టివేతల్లేవు, దిద్దుళ్ళు లేవు. కొత్తగా కొలతల విభాగం పెడుతున్నాం. మొదటి పర్మనెంటు పోస్టు మీదే అనుకోండి."

"థాంక్సండీ" అనేశాడు గడియారం. ఆ మాట నోట్లోంచి వచ్చేశాక నాలుక గీక్కోవాలనిపించింది.

హాలు నిండిపోయింది. కొత్తగా వేసిన సున్నం వాసన, ఫ్యాన్లు కిర్రుమంటున్నాయి. ముందు వరసలో పెద్దమనుషులు, వాళ్ళ ముందు నీళ్ళ సీసాలు, బిస్కెట్లు. మూడో వరసలో ఆయాలు. వదిన నీలం యూనిఫాం చీర ఇస్త్రీ చేసి కట్టుకొచ్చింది. మరిదితో చూపు కలిసినప్పుడు కనుబొమలు ఎగరేసి, తిన్నావా అని సైగ చేసింది. అతను తలొంచుకున్నాడు.

సలహాదారు తెర మీద బొమ్మ వేశాడు. గుండ్రంగా, రంగురంగులుగా ఉంది. తిప్పడం నీలం, తుడవడం ఆకుపచ్చ, ఇలా. అందులో ఎక్కువ చోటు తినేసిన పసుప్పచ్చ ముక్క మీద బొద్దు అక్షరాల్లో ‘ఊరికే’ అని ఉంది.

హాలంతా గొల్లుమంది.

అంత పెద్ద తెర మీద, అంత పెద్ద అధికారుల మధ్య, ఆ ఇంటి మాట చూసేసరికి నవ్వొచ్చింది జనానికి. పెద్దమనుషులు నవ్వారు. పత్రికలవాళ్ళు నవ్వుతూ ఫోటోలు తీసుకున్నారు. చివరికి ఆయాలు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేశారు, సిగ్గుతో. వాళ్ళ ఉద్యోగాలు పోయే ముక్కని చూసి వాళ్ళే నవ్వుతుంటే చూడలేక గడియారం ఒళ్ళో కట్ట తాడు విప్పి మళ్ళీ కట్టాడు.

కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే మాస్టారొకాయన లేచాడు.

"అయ్యా, మిల్లులో కొత్త మిషను పెడితే అదే మనిషి రెండింతల గుడ్డ నేస్తాడు. దాన్ని ఉత్పాదకత అందాం, ఒప్పుకుంటా. పడుకున్న మనిషిని పక్కకి తిప్పడానికి యాభై ఏళ్ళ కింద రెండు నిమిషాలు పట్టేది. ఇవాళా రెండు నిమిషాలే. అర నిమిషంలో తిప్పితే ఉత్పాదకత పెరిగిందని మీరంటారు, నడుం పోయిందని పేషెంటంటాడు."

మళ్ళీ నవ్వులు. సలహాదారు కూడా చల్లగా నవ్వాడు.

"మాస్టారు బాగా నవ్విస్తారు. నేనొక్కటి అడుగుతా. నలభై వేల కుటుంబాలకి కార్డులివ్వాలి. కార్డు లేక, బిడ్డని ఎత్తుకుని ఆసుపత్రి మెట్ల దగ్గర్నుంచే వెనక్కిపోతున్న తల్లులున్నారు. నా కార్డు ఎందుకు ఆగిపోయిందయ్యా అని ఆవిడ అడిగితే ఏం చెప్పమంటారు? లోపల కొంతమంది ఊరికే నిలబడాలమ్మా, అందుకు ఆగింది, అని చెప్పనా?"

మాస్టారు కూర్చున్నాడు. గడియారానికి కూడా ఒక్క క్షణం నిజమే కదా అనిపించింది. అడిగిన ప్రశ్నలో తప్పు లేదు. ఆ మెట్ల దగ్గరి తల్లి నిజంగానే ఉంది, అతను రోజూ చూస్తాడు. అసహ్యమల్లా, ఆ తల్లిని తెచ్చి ఈ ఆయా మీదకి ఉసిగొల్పడం చూస్తేనే.

అప్పుడు యూనియన్ నాయకుడు బల్ల గుద్దాడు. గ్లాసులు ఎగిరిపడ్డాయి.

"ఒక్క ఉద్యోగం! ఒక్కటంటే ఒక్కటి ముట్టుకుని చూడండి! ఈ ఊళ్ళో ఒక్క ఆసుపత్రి తలుపు తెరుచుకోదు!"

ఆయాలు చేతులు వాచేలా చప్పట్లు కొట్టారు. వదిన కూడా కొట్టింది. అధ్యక్షురాలు పది నిమిషాలు విరామం అంది.

గడియారం బాత్రూంకి పోయాడు. లోపల గడియ పెట్టుకుని గోడకి ఆనుకున్నాడో లేదో, బయట వాష్‌బేసిన్ల దగ్గర రెండు గొంతులు.

"నూట పన్నెండంటే నా మొహం చెల్లదండీ. అరవై చెయ్యండి." యూనియన్ నాయకుడు. బల్ల గుద్దిన గొంతు ఇదేనా అన్నంత మెల్లగా ఉంది.

"అరవై అయితే మీవాళ్ళు ఊరుకుంటారా?"

"ఏ అరవైయో లిస్టు నన్నివ్వనివ్వండి. చందా కట్టని మొహాలు, మీటింగులకి రాని మొహాలు, అన్నీ నా దగ్గరున్నాయి. సగం మందిని కాపాడానని నేను చెప్పుకుంటా. సంస్కరణ చేశామని మీరు చెప్పుకోండి."

"లిస్టు మీదే తీసుకోండి. కాస్త అరుపులు తగ్గించండి, తల పగిలిపోతోంది."

"అరవకపోతే ఎలా సార్? ఆడవాళ్ళు చూస్తున్నారు కదా."

ఇద్దరూ కిసుక్కున నవ్వుకున్నారు. కుళాయి తిరిగింది, ఆగింది. తలుపు కింద సందులోంచి నిమ్మకాయ వాసన వచ్చింది. గడియారం వంగి, పొద్దున తిన్నదంతా కక్కేశాడు.

మొహం కడుక్కుని వచ్చేసరికి వదినని మైకు ముందుకి పిలిచేశారు.

పాతికేళ్ళలో ఆవిడ ఎప్పుడూ మైకు ముందు నిలబడలేదు. మండే పొయ్యిని చూసినట్టు, కొంచెం దూరంగా నిలబడి దాన్ని చూస్తోంది. అధ్యక్షురాలు, తెల్ల జుట్టు, కళ్ళజోడు, ఒకప్పుడు పెద్ద సర్జను, "దగ్గరికి రండమ్మా, కరవదు" అంది. వదిన ఒక అడుగు ముందుకేసింది.

సలహాదారు వెనక్కి చెయ్యి చాచాడు. "మూడో వార్డు. పదిహేడో తారీఖు."

గడియారం కట్టలోంచి ఆ కాగితం లాగాడు. సలహాదారు దాన్ని చూసి, "మీ దగ్గరే ఉంచండి, అడిగినప్పుడు చదువుదురు గాని" అని వదినవైపు తిరిగాడు.

"అమ్మా, భయపడకండి. ఆ రోజు మధ్యాహ్నం మూడుంపావుకి మీరేం చేస్తున్నారో చెప్పగలరా?"

"ఏమో బాబూ, రోజులన్నీ ఒకలాగే ఉంటాయి..." వదిన ఆలోచించింది. "పని ఏం తగల్లేదేమో. ఊరికే నిలబడి ఉంటా."

హాలు మళ్ళీ గొల్లుమంది. వదిన కూడా నవ్వింది, ఎందుకు నవ్వుతున్నారో తెలియక.

"చూశారా," అన్నాడు సలహాదారు, జాలి పడుతున్నట్టు. "వీళ్ళ నిజాయితీకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. తప్పు వీళ్ళది కాదు, ఖాళీగా నిలబెట్టిన మన పద్ధతిది. గుమాస్తా గారూ, ఫారంలో ఏముంది?"

గడియారం చదువుదామని కాగితం ఎత్తాడు. తన గుండ్రటి చేతిరాతే. మూడుంపావు, ఇతరం: ఊరికే. మూడున్నర: మోయడం.

మోయడం.

అతని చూపు ఆ రెండు గళ్ళ మధ్య గీత మీద ఆగిపోయింది. పదిహేడో తారీఖు. వదిన స్ట్రెచర్ తోసుకుంటూ పరిగెత్తిన రోజు. ఆపరేషనయ్యి తొమ్మిదో మంచం మీదున్న లారీ డ్రైవరు, నల్లటి మనిషి, మొహం బూడిదలా అయిపోయిందన్నారు... సమయానికి చూశారు కాబట్టి బతికాడని డాక్టరు అన్నాడు. ఎవరు చూశారు?

బొటనవేలు తడుపుకుని కట్ట తిరగేశాడు. అయిదో తారీఖు. పదకొండుకి ఊరికే, పదకొండుంపావుకి మోయడం. తొమ్మిదో తారీఖు. రెండున్నరకి ఊరికే, పావు తక్కువ మూడుకి మోయడం. పన్నెండో తారీఖు. ఊరికే, ఊరికే, మోయడం. ఎన్ని కాగితాలు తిప్పినా అంతే. మనిషిని ఎత్తుకుని పరిగెత్తిన ప్రతి గడికీ ముందు గడిలో అదే మాట కూర్చుని ఉంది. మూడు వారాలు తను రాస్తూ పోయాడు గానీ ఒక గడిలోంచి పక్క గడిలోకి చూడలేదు.

"గుమాస్తా గారూ?"

గడియారం లేచి నిలబడ్డాడు. కట్ట ఒళ్ళోంచి జారి కాగితాలు స్టేజీ మీద పరుచుకున్నాయి.

"అమ్మా," అన్నాడు, సలహాదారుతో కాదు, అధ్యక్షురాలితో. "ఈ మాట రాసింది నేను. నన్ను ఆవిణ్ణి రెండు ముక్కలడగనివ్వండి."

"కూర్చోండి," అన్నాడు సలహాదారు, పెదాలు కదలకుండా.

"అడగనివ్వండి," అంది అధ్యక్షురాలు.

గడియారం వదినవైపు తిరిగాడు. ఇంట్లో అడిగినట్టే అడిగాడు.

"వదినా, లారీ డ్రైవరాయన గుర్తున్నాడా? తొమ్మిదో మంచం?"

"అయ్యో, ఎందుకు గుర్తులేడు! మొన్న భార్యాబిడ్డల్తో వచ్చి కనపడి వెళ్ళాడుగా."

"ఆయన్ని మోసుకెళ్ళే ముందు ఎక్కడ నిలబడ్డావ్?"

"ఆయన కాళ్ళ దగ్గర."

"ఏం చేస్తున్నావ్?"

"ఏం లేదు అబ్బాయ్, చెప్పాగా, ఊరికే..."

ఎవరో కిసుక్కుమన్నారు. గడియారం ఆగలేదు.

"చెయ్యెక్కడుంది నీది?"

వదిన ఒక్క క్షణం తన కుడి చేతివైపు చూసుకుంది, అడిగింది దాన్నే అన్నట్టు. "ఆయన పాదం మీద."

"ఎందుకు?"

"వేడి పోతోందా ఉందా అని. ఆపరేషనైన మనిషికి లోపల రక్తం కారుతుంటే ముందు పాదాలే చెప్తాయి. బొటనవేలు చల్లబడుతూ వచ్చింది. చీలమండ దాకా వచ్చేసరికి కేకేశా."

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసింది. "మానిటర్ మోగిందా అప్పటికి?"

"తొమ్మిదికి మానిటర్ ఎక్కడిదమ్మా? ఏడుకీ తొమ్మిదికీ కలిపి ఒకటే. ఆ పూట ఏడు దగ్గరుంది."

"ఎంతసేపు పెట్టుంచారు చెయ్యి?"

"ఇరవై నిమిషాలో, అరగంటో."

"మరి ఊరికే నిలబడ్డానన్నారేంటమ్మా?"

వదినకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. చుట్టూ చూసి, మొహమాటంగా అంది. "చెయ్యి పెట్టడం కూడా ఒక పనేనామ్మా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. మూడో వరసలో ఆయాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ పక్కావిడతో "నేనూ అంతే, చెవి పెట్టి వింటుంటా, గొంతులో గురక మారుతుందేమోనని" అంది, కాస్త గట్టిగానే. "నేను ఆ ముసలాయన దగ్గర కూర్చుంటా, లేకపోతే ట్యూబు పీకేసుకుంటాడు" అంది ఇంకొకావిడ. యూనియన్ నాయకుడు ఈ ఆయాలకి ఇలాంటి సంగతులు తెలుసని ఇప్పుడే విన్నవాడిలా నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

సలహాదారు మాత్రం తొణకలేదు. లేచి, కింద పడ్డ కాగితాల్లోంచి పదిహేడో తారీఖుది ఏరి తీశాడు.

"చాలా హృదయాన్ని తాకే విషయం. నాకొక చిన్న సందేహం, గుమాస్తా గారూ. మీరు పక్కన నిలబడి, కళ్ళతో చూసి రాయాల్సిన ఫారం కదా ఇది? ఆవిడ చెయ్యి ఎక్కడుందో మీకు తెలిసుండాలి. ఇప్పుడు ఆవిణ్ణి అడిగి తెలుసుకుంటున్నారేంటి?"

గడియారం ఒళ్ళు చల్లబడింది, బొటనవేళ్ళ దగ్గర్నుంచి.

ఎందుకంటే ఆ మూడుంపావుకి అతను అక్కడ లేడు. "పొద్దుట్నుంచి నిలబడే ఉన్నావ్ అబ్బాయ్, పోయి టీ తాగిరా, నీ గడి సంగతి నేను చెప్తాలే" అని వదినే పంపింది. తాగొచ్చేసరికి స్ట్రెచర్ వెళ్ళిపోయి వెనక్కొచ్చింది కూడా. వదిన జుట్టు ఊడి, జాకెట్టు చెమటకి తడిసి, గోడకి ఆనుకుని రొప్పుతోంది. మూడుంపావుకి ఏం రాయమంటావ్ అన్నాడు. ఊరికే నిలబడ్డా, రాసుకో అంది. శుభ్రంగా, కొట్టివేత లేకుండా రాసుకున్నాడు.

అధ్యక్షురాలు ముందుకి వంగింది. "ఇది చిన్న విషయం కాదు. ఈయన దగ్గరుండి చూసి రాసిన మాటే అయితే, చూసినా పనిలా కనిపించలేదన్నట్టు. రిపోర్టు నిలబడుతుంది. చూడకుండా రాశారంటే, ఈ ఆరో గడి ఏ వార్డులోనూ నమ్మలేం. నలభై ఒకటో పేజీ పక్కన పెట్టి మొత్తం మళ్ళీ కొలవాలి. చెప్పండి. ఆ మూడుంపావుకి మీరెక్కడున్నారు?"

గడియారం నోరు తెరిచాడు. అతనికంటే ముందు మైకులోంచి వదిన గొంతు వచ్చింది.

"నా పక్కనే ఉన్నాడమ్మా."

పాతికేళ్ళ సర్వీసులో ఆవిడ అబద్ధం చెప్పగా విన్నవాళ్ళు లేరు. అందుకే చెప్పడం చేతకాలేదు. మైకు వైరు వేలికి చుట్టుకుంటూ, "పక్కనే ఉన్నాడు. మంచి పిల్లాడు, కదలడు" అంది. తన ఉద్యోగాన్ని, తనతోపాటు నూట పదకొండు మంది ఉద్యోగాల్ని ఆ ఒక్క మాటతో పోగొడుతోందని తెలిసి అందో, తెలియక అందో. మరిదివైపు మాత్రం చూసి, తల అడ్డంగా ఊపింది. మాట్లాడకు అన్నట్టు.

సలహాదారు మొహం విప్పారింది. "అయితే సరిపోయింది."

పర్మనెంటు పోస్టు, కొలతల విభాగం, మెడలో తాడు. బాత్రూంలో కుళాయి చప్పుడు, కిసుక్కున నవ్వు. ఈ పూట నోరు మూసుకుంటే చాలు, ఆ ఇద్దరి నవ్వులో తనదీ మూడో గొంతు అవుతుంది. గడియారం మెడలోంచి తాడు తీసి, ఆ గడియారాన్ని బల్ల మీద సలహాదారు ముందు పెట్టాడు.

"మా వదిన నన్ను కాపాడ్డానికి అబద్ధం చెప్తోందమ్మా. నేనక్కడ లేను. వరండాలో టీ తాగుతున్నా. ఆ రోజే కాదు, ఇంకో నాలుగైదు సార్లు కూడా. వచ్చి అడిగి రాసుకున్నా. చూసినప్పుడు కూడా నేను చూసింది రాయలేదు, ఆవిడ మర్యాదకి అన్న మాట రాశా."

అధ్యక్షురాలు పెన్ను మూత పెట్టింది. "నలభై ఒకటో పేజీ ఇవాళ్టికి ఆగింది."

మూడో వరస ఒక్కసారిగా లేచింది. ఒకావిడ ఏడ్చేసింది. ఎవరో "మా గడియారం!" అని అరిచారు. వదిన ఒక్కతే కదల్లేదు. మైకు ముందు అలాగే నిలబడి, మరిదివైపు చూస్తోంది, అయ్యో ఎంత పని చేశావురా అన్నట్టు.

సలహాదారు జేబులోంచి సీసా తీసి తీరిగ్గా చేతులు రుద్దుకున్నాడు. తర్వాత పదిహేడో తారీఖు ఫారాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, వెనక్కి తిప్పి, గడియారం ముందు పెట్టాడు.

"నిజాయితీ అంటే ఇదీ. ఇక వెనక ఉన్న హామీ కూడా చదివెయ్యండి. గట్టిగా, అందరికీ వినపడేలా. సంతకం మీదేగా?"

మూడు వారాలుగా ప్రతి ఫారం వెనకా సంతకం పెట్టిన హామీ అది. ఒక్కసారీ చదవలేదు. సన్నటి అక్షరాలు. గడియారం చదవడం మొదలెట్టాడు.

"ఇందలి వివరములు నేను స్వయముగా చూచి నమోదు చేసితిని. తప్పుడు నమోదు అని తేలినచో తక్షణము ఉద్యోగము నుండి తొలగింపబడుటకు, కేసు పెట్టబడుటకు అంగీకరించుచున్నాను..."

అది అతను ఊహించిందే. మూడో వాక్యం దగ్గరికొచ్చాడు.

"వివరములు తెలిపి, కింద సంతకము చేసిన ఉద్యోగికి కూడ..."

ఆగిపోయాడు.

"చదవండి," అన్నాడు సలహాదారు మెత్తగా. "కూడా?"

అతని గుండ్రటి సంతకం పక్కనే, అదే గీత మీద, అదే శిక్షకి ఒప్పుకున్నట్టు, ఒక్కో అక్షరం కూడబలుక్కుని పెట్టిన వంకర సంతకం ఇంకోటుంది. మొదటి రోజు పొద్దున, వార్డు కిటికీ దగ్గర, తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని పెన్ను అందుకుంటూ వదిన అడిగింది. ఈ వెనకాల ఇంత సన్నంగా ఏం రాసుంది అబ్బాయ్, అని.

తను చెప్పిన జవాబు అతనికి ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

"ఏం లేదు వదినా. ఊరికే."